కొత్త వల నీళ్లు తాగాలి

ఆ ఆదివారం పొద్దున కాశీరావు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పఠన మందిరం వెనక హాలు ఊడ్పించాలి. వచ్చిన పిల్లల్ని కూర్చోబెట్టి, సన్యాసమ్మ చేత వల అల్లిక నేర్పించాలి. మందిరం కమిటీ అధ్యక్షులు బసవయ్యగారితో రెండు మాటలు చెప్పించి, శాలువా కప్పి, పిల్లలకి బిస్కెట్లు పంచి, ఎండ ముదరకముందే ఇంటికొచ్చి చారన్నం తిని పడుకోవాలి. ఇందులో ఎక్కడా తోపుడుబండి లేదు, ట్రాఫిక్ పోలీసు లేడు, బందరు కాలవ అసలే లేదు.

ప్లాను వేసుకుంటూనే అతను కిటికీ దగ్గర కూర్చుని బనియను చిరుగు కుట్టుకుంటున్నాడు. కాలేజీలో ఫిజిక్సు డిమాన్‌స్ట్రేటరుగా పనిచేసి రిటైరైన మనిషి. సూదిలో దారం ఎక్కించడం మాత్రం భార్య సంపూర్ణమ్మ పోయాకే నేర్చుకున్నాడు. కుట్టు వంకరగానే వచ్చేది. అయినా చొక్కా కింద ఎవరికి కనిపిస్తుంది? లోకంలో మగవాళ్ల పరువు సగం చొక్కా గుండీల మీదే నిలబడి ఉందని ఈ మధ్యనే అతనికి తెలిసొచ్చింది.

ఆ హాలు సంపూర్ణమ్మది. కాగితాల మీద కాదు. ఆవిడ ఉన్నన్నాళ్లూ ప్రతి ఆదివారం గవర్నర్‌పేట పిల్లల్ని అక్కడ చుట్టూ కూర్చోబెట్టుకుని మట్టితో ఏనుగులూ, తాటాకుతో బుట్టలూ, పాత క్యాలెండర్లతో పడవలూ చేయించేది. "చెబితే వింటారు, చేతికిస్తే నేర్చుకుంటారు" అనేది. ఆవిడ పోయాక ఆదివారాలు పలచబడ్డాయి. పిల్లలు కూర్చునే చోట పాత పత్రికల కట్టలు కూర్చున్నాయి.

అప్పుడే ఆ హాలు మీద బసవయ్యగారి కన్ను పడింది. ఆయనకి ఆ వీధి చివరే బట్టల హోల్‌సేల్ కొట్టు. ఆషాఢం నడుస్తోంది, శ్రావణం పెళ్లిళ్ల సరుకు లారీల్లో దిగుతోంది, పెట్టుకోడానికి చోటు లేదు. మనిషి చెడ్డవాడు కాడు. వాడకుండా పడి ఉన్న వస్తువు కంటబడితే ఆయనకి నిద్ర పట్టదు, అంతే.

"మేష్టారూ, ఇది బాలల సంవత్సరమని రేడియోలో రోజూ చెవులు చిల్లులు పడేట్టు చెబుతున్నారు. నేను కాదన్నానా? మరి బాలలేరండీ?" అని ఆయన కిందటి వారం అడిగారు. "ఈ ఆదివారం మీరొక కార్యక్రమం పెట్టండి. నేనే వచ్చి అధ్యక్షత వహిస్తా. పిల్లలతో హాలు నిండిందా, ఇక జన్మలో ఆ మాటెత్తను. నిండలేదా, సాయంత్రానికి నా బట్టల బేళ్లు లోపలికొస్తాయి. తాళం నేనే తెచ్చుకుంటా, మీకు శ్రమ లేకుండా."

కాశీరావు దానికి సరేనన్నాడు. ఇంకేమంటాడు?

వల సంగతి అతనికి తట్టడం కూడా ఒక విచిత్రమే. సాయంత్రం షికారుకని కృష్ణలంక వైపు వెళ్లినప్పుడు ఒక అరుగు మీద సన్యాసమ్మ కాలి బొటనవేలికి దారం తగిలించుకుని వల అల్లుతూ కనిపించింది. బందరు అవతల సముద్రం ఒడ్డు మనిషి. అల్లుడు ఇక్కడ కృష్ణలో చేపలు పడతాడు. కూతురి పురిటికని వచ్చి, ఊరికే కూర్చోలేక అల్లుడి వల పని నెత్తినేసుకుంది. కాశీరావు అక్కడే నిలబడిపోయాడు. వల కన్నుకీ కన్నుకీ కొలత తేడా ఎందుకు రావడం లేదు? ఆ ముడి ఒకవైపు లాగితే బిగుస్తుంది, రెండోవైపు లాగితే జారదేం? చీకటి పడేదాకా అడుగుతూనే ఉన్నాడు.

"అట్టా నిలబడి అడిగే బదులు ఇట్టా కూసుని నాలుగు కళ్లు అల్లండి బాబుగారూ. మీకే తెలుసుద్ది," అంది సన్యాసమ్మ చివరికి విసుగొచ్చి.

ఆ మాటలో అతనికి సంపూర్ణమ్మ గొంతు వినిపించింది. వెంటనే ఆదివారానికి పిలిచేశాడు.

ఇక జనానికి తెలియజేయడం. ఆ పని మైకుసెట్టు నాగుల్ మీరాకి అప్పగించాడు. ఆషాఢంలో పెళ్లిళ్లు లేక అతను సినిమాహాళ్ల ప్రచారం మీదే బతుకుతున్నాడు. "రెండు వీధులు చాలు నాగుల్ మీరా. పిల్లలకి వల అల్లడం నేర్పుతారు, రండి అని చెప్పు. అంతే," అన్నాడు కాశీరావు. "మీరు మర్చిపోండి మేష్టారూ, నాకొదిలెయ్యండి. మా వజీరాని కూడా తీసుకొస్తా," అన్నాడు నాగుల్ మీరా. వజీరా అతని కూతురు. కనిపించిన ప్రతి తాడుకీ ముడి వేయనిదే ఊరుకోని పిల్ల.

నాగుల్ మీరా చెప్పమన్నదే చెప్పాలనుకున్నాడు. కానీ మైకు పట్టుకోగానే నోటికి అలవాటైన మాటలు వాటంతటవే వచ్చేశాయి. శనివారం సాయంత్రం గవర్నర్‌పేట అంతా ఇలా మోగింది: "రేపే ఆఖరు రోజు! మన పఠన మందిరంలో! మహత్తరమైన వలల ప్రదర్శన! సకుటుంబ సపరివారంగా చూసి తరించండి! మహిళలకు ప్రత్యేక సీట్లు కలవు!"

ఆదివారం కాశీరావు హాలు తలుపు తీసేసరికి ముందు వరుసలో చోటు కోసం ఇద్దరు ఆడవాళ్లు తగువు పడుతున్నారు. ప్రత్యేక సీట్లు ఎటువైపో చెప్పమని మరొకావిడ నిలదీసింది. వేయించిన వేరుశెనక్కాయల పొట్లాలతో వచ్చినవాళ్లున్నారు. ఇంటర్‌వెల్ ఎప్పుడని అడిగినవాళ్లున్నారు. నయమేమిటంటే అందరూ పిల్లల్ని వెంటబెట్టుకొచ్చారు. చాపలు చాలక పాత పత్రికల కట్టలు విప్పి నేల మీద పరిచారు. కాశీరావు తనూ ఒక కట్ట విప్పి పరిచాడు. "రేపే ఆఖరు రోజు అన్నావటగా?" అని మాత్రం నాగుల్ మీరాని అడిగాడు.

"అట్టా అంటేనే వస్తారు మేష్టారూ. ఆఖరు రోజు కాకపోతే రేపు చూద్దాంలే అంటారు."

ముందు వరుసలో దిట్టంగా కూర్చున్న జరీ చీర ఆవిడ బసవయ్యగారి భార్య మాణిక్యమ్మ. "మీ అన్నయ్యగారు చెప్పనే లేదండీ ఇట్లా ప్రోగ్రాం ఉందని. మైకులో విని వచ్చా," అంది కాశీరావుతో.

కాసేపటికి బసవయ్యగారు వచ్చారు. మల్లెపువ్వులాంటి లాల్చీ, భుజాన కండువా, చేతిలో కాగితం చుట్టిన కొత్త తాళంకప్ప, దానికే వేలాడుతూ తాళంచెవి. ఆయన వెనకే బేళ్లు నింపిన తోపుడుబండి వచ్చి గుమ్మం ముందు ఆగింది. "మధ్యాహ్నం ఎండలో కూలీల్ని తిప్పడం దేనికని ముందే తెప్పించా," అన్నారాయన. భార్య కనపడగానే మాత్రం అడుగు తడబడింది.

"నువ్వెందుకొచ్చావు?"

"మహిళలకు ప్రత్యేక సీట్లట," అంది మాణిక్యమ్మ.

ఆయన తాళాన్ని బల్ల మీద పెట్టి, అధ్యక్ష పీఠంలో కూర్చున్నారు. ఆ పీఠం ఎవరో జమీందారు ఇచ్చిన నల్లచేవ కుర్చీ. నలుగురు పట్టుకుంటే గాని కదలదు. బంతిపూల దండ పడింది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

అప్పుడు మొదటి చిక్కు వచ్చింది. వల అతకాలంటే ఒక కొస దేనికైనా కట్టాలి. గోడలకి మేకులు కొట్టరాదని కమిటీ ఆజ్ఞ, అదీ బసవయ్యగారు స్వయంగా ఇచ్చిందే. హాల్లో స్తంభం లేదు. సన్యాసమ్మ నాలుగువైపులా చూసి, "ఇంత గట్టి కుర్చీ ఉండగా మేకెందుకండీ?" అంటూ వెళ్లి పీఠం వెనక కాళ్లకి తాడు బిగించింది. అధ్యక్షులు అభ్యంతరం చెప్పలేదు. ఫ్యాను గాలి తగులుతోంది, పొద్దున తిన్న పెసరట్టు ఉప్మా తన పని తాను చేసుకుపోతోంది.

ఆమె తెచ్చింది ముక్కలు ముక్కలుగా అల్లిన అల్లుడి వల. ఒక్కో ముక్కా ఒక్కో గుంపు పిల్లలకి ఇచ్చి, కన్నుకి కన్ను కలిపి ముడి వేయడం చూపించింది. "నేర్పినట్టూ అవుద్ది, పనీ అవుద్ది," అని మురిసిపోయింది. "అంచుకి గుండ్లు కట్టాలి పిల్లలూ. బరువు లేకపోతే వల మునగదు. ఏదన్నా బరువున్నది చూసి తెచ్చి కట్టండి." పిల్లలు హాలంతా గాలించారు. పేపరువెయిట్లు, కిటికీ గొళ్లెం, పిలుపుగంట, ఇనప స్కేలు, చేతికి దొరికినదల్లా వల అంచుకి చేరింది.

కాశీరావు ఇదంతా చూసి ఉంటే కథ ఇక్కడే ఆగేది. కానీ అతను స్వాగతోపన్యాసం మొదలుపెట్టాడు. ముడి ఎందుకు జారదు అన్న ప్రశ్న అతన్ని వారం నుంచి నిద్రపోనివ్వలేదు. నల్లబల్ల మీద ముడి బొమ్మ వేశాడు, రాపిడి ఎటు పనిచేస్తుందో బాణాలు గీశాడు, బొమ్మ నచ్చక తుడిచి మళ్లీ గీశాడు. జనానికి వీపు, బల్లకి మొహం. వెనక గుసగుసలూ కిసకిసలూ వినిపిస్తుంటే విషయం రక్తి కట్టిందనుకుని ఇంకాస్త వివరంగా చెప్పాడు. చివరి బాణం గీసి సుద్దముక్క కింద పెట్టి తిరిగి చూసేసరికి అధ్యక్షులు వలలో ఉన్నారు.

నోరు కొంచెం తెరుచుకుని, గుండెల మీద బంతిపూల దండతో, బసవయ్యగారు హాయిగా నిద్రపోతున్నారు. కుర్చీకి ఎడమవైపు గుంపు, కుడివైపు గుంపు ఎవరి ముక్క వాళ్లు అతుక్కుంటూ వచ్చి, ఆయన ముందు కలుసుకుని, అక్కడ కూడా అతికేశారు. వజీరా అంతటితో ఆగలేదు. వల జారిపోతోందని ఆయన లాల్చీ గుండీ గుండీకీ ఒక ముడి వేసింది. కండువా కొసని కుర్చీ చేతికి కట్టింది.

"చక్కగా అతికారు," అంది సన్యాసమ్మ వెనక నుంచి చూస్తూ. ముందుకొచ్చి చూశాక, "ఓరి నాయనో," అంది.

నాగుల్ మీరా కంగారులో మైకు మీద చెయ్యి వేశాడు. అది కీచుమంది. బసవయ్యగారు ఉలిక్కిపడి లేవబోయారు. కుర్చీ లేవనివ్వలేదు.

"ఏవిటిది? ఎవరు? మేష్టారూ!"

"కంగారు పడకండి, పిల్లలు ప్రయోగాత్మకంగా..." అన్నాడు కాశీరావు.

"కత్తెర తెండి! ముందు కత్తెర తెండి!"

కత్తెర మాట వినగానే సన్యాసమ్మ రెండు చేతులూ చాచి వలకి అడ్డంగా నిలబడింది. "కత్తెరా? కొత్త వలకా? నీళ్లు తాగని వలకి ఇనుం తగలకూడదు బాబూ! అరిష్టం. పట్టినోడికీ అరిష్టమే, అందులో ఉన్నోడికీ అరిష్టమే. ముందు వల నీళ్లు తాగాలి. ఆ తరవాత మీ ఇష్టం."

హాల్లో వేరుశెనక్కాయలు నమలడం ఆగింది. అరిష్టమన్నాక కత్తెర తెచ్చే ధైర్యం ఎవరికుంటుంది?

"అయితే ముళ్లు విప్పండి," అన్నారు బసవయ్యగారు. కాశీరావు మోకాళ్ల మీద కూర్చుని ప్రయత్నించాడు. సన్యాసమ్మ నేర్పింది ఒకే ముడి. పిల్లలు వేసింది ఎవరికి తోచిన ముడి వాళ్లు. జడ ముడి ఉంది, బూటు లేసు ముడి ఉంది, గాలిపటం ముడి ఉంది, ఏ శాస్త్రానికీ అందని ముళ్లు కొన్ని ఉన్నాయి. అతనికి ఒక్క క్షణం తన పరిస్థితి మర్చిపోయి, వాటిని బల్ల మీద గీసుకోవాలనిపించింది.

"పోనీ లాల్చీ విప్పేసి కిందనించి బయటికి రండి అన్నయ్యగారూ," అందొకావిడ ప్రత్యేక సీట్ల నుంచి.

"లాల్చీ జోలికి రావద్దు!" బసవయ్యగారు పెట్టిన కేకకి మైకు మళ్లీ కీచుమంది.

అంత కోపం దేనికో కాశీరావుకి మొదట అర్థం కాలేదు. గుండీ దగ్గరి ముడి చూడ్డానికి వంగినప్పుడు లాల్చీ సందులోంచి కనిపించింది. ఊళ్లోకెల్లా పెద్ద బట్టల కొట్టు యజమాని ఒంటి మీద ఉన్న బనియనుని బనియను అనడం మర్యాద కొద్దీ. వలకీ దానికీ కన్నుల్లోనే తేడా, వల కన్నులు ఒకే కొలతలో ఉన్నాయి. కాశీరావు తలెత్తాడు. బసవయ్యగారు అతని కళ్లలోకి చూసి, ముందు వరుసలో కూర్చున్న మాణిక్యమ్మ వైపు కళ్లతోనే చూపించి, గట్టిగా కళ్లు మూసుకున్నారు.

"కొత్తవి తెచ్చుకోమని ఎన్నిసార్లు చెప్పిందో," అన్నారు వినీవినపడకుండా. "పారేశానని చెప్పా. మెత్తగా ఉంటుందండీ ఇది."

చొక్కా కింద తను పొద్దున కుట్టుకున్న బనియను కాశీరావుకి గుర్తొచ్చింది. లాల్చీ సందు దగ్గరికి లాగి దండతో కప్పేశాడు.

బసవయ్యగారు ఊపిరి పీల్చుకుని, గొంతు సవరించుకుని, సభకంతటికీ వినపడేలా ప్రకటించారు: "ఆచారం ఆచారమే! పెద్దలు ఊరికే పెట్టరు. కాలవకే పదండి."

బేళ్లు గుమ్మంలో దించేశారు. సరుకు తెచ్చిన బండి మీదికి యజమాని ఎక్కారు, కుర్చీతో సహా, వలతో సహా. నాగుల్ మీరా మైకు రిక్షా ముందు నడిచింది. వల అంచులు ఎత్తిపట్టుకుని పిల్లలు రెండు పక్కలా నడిచారు. ప్రత్యేక సీట్లు కూడా లేచి వెనక నడిచాయి. హాల్లో పాత పత్రికలు మిగిలాయి.

గవర్నర్‌పేట వీధుల్లోంచి బందరు రోడ్డు మీదికొచ్చేసరికి అది ఊరేగింపైపోయింది. మెడలో దండ, ఒంటి మీద వల, కుర్చీలో కదలని మనిషి, ముందు మైకు. బెజవాడ జనానికి ఇంతకంటే ఏం కావాలి? ఒకరు ఎలక్షన్ అనుకున్నారు. ఒకరు సన్మానమనుకున్నారు. లాడ్జీ మెట్ల మీద కూర్చున్న ముసలమ్మ లేచి, కొంగు తలమీదికి లాక్కుని, "ఏ స్వామి నాయనా?" అని అడిగింది.

"ముళ్ల స్వామి మామ్మా!" అంది వజీరా. "నేనే కట్టా!"

ముసలమ్మ లెంపలేసుకుంది. ఆమెను చూసి పక్కనున్న పూలకొట్టువాడు గుప్పెడు చామంతులు విసిరాడు. అది చూసి సోడాకొట్టువాడు కొబ్బరికాయ కొట్టాడు. కూడలిలో పోలీసు బందరు బస్సుని ఆపి బండికి దారిచ్చాడు. బస్సులోంచి తలలు బయటికొచ్చాయి. వీధి వీధికీ పిల్లలు వచ్చి కలిశారు. కొత్తగా వచ్చినవాళ్లకి పాతవాళ్లు దారిలోనే ముడి వేయడం నేర్పేస్తున్నారు. కాశీరావు అది గమనించాడు. మనసు ఎగిరి గంతేసింది, వెంటనే కూలబడింది. పిల్లలు రోడ్డు మీదున్నారు. నిండవలసింది హాలు.

బసవయ్యగారు మొదట కండువాలో మొహం దాచుకోవాలని చూశారు. కండువా కుర్చీకి కట్టేసి ఉంది. కొంతదూరం పోయాక దండం పెట్టేవాళ్లకి తిరిగి దండం పెట్టారు. కాలవ దగ్గరపడేసరికి ఆయన చెయ్యి దానంతటదే పైకి లేచి జనాన్ని దీవిస్తోంది.

"చాల్లే సంబడం, చెయ్యి దించండి," అంది వెనక నుంచి మాణిక్యమ్మ.

బందరు కాలవకి కొత్త నీళ్లు వదిలి ఎన్నాళ్లో కాలేదు. ఎర్రగా, నిండుగా, కాస్త తొందరగా పారుతోంది. కుర్చీని రేవులో అడుగు మెట్టు మీదికి దించారు. అధ్యక్షుల పాదాలు నీళ్లలో మునిగాయి. సన్యాసమ్మ వల అంచుని బారుగా నీళ్లలోకి వదిలింది. పేపరువెయిట్లూ, గంటా, స్కేలూ బుడుంగు బుడుంగుమని మునిగాయి. ఒడ్డు మీద అందరూ, మైకు కూడా, నోరు మూసుకుని చూస్తున్నారు.

"తాగిందా?" అన్నారు బసవయ్యగారు.

"తాగుతోంది."

అప్పుడు వల లాగింది. మెల్లగా కాదు, లోపల ఎవరో పిలిచినట్టు. గుండీలకి కట్టిన ముళ్లు కదా, లాగుడు తిన్నగా బసవయ్యగారి గుండెల మీదే తగిలింది. ఆయన ముఖంలో యాభై ఏళ్లు ఎటో పోయాయి. "పడింది! ఏయ్, పడింది! లాగమాకండి! అటు వైపు వదులు చెయ్యి పాపా, నెమ్మదిగా... నేను చిన్నప్పుడు మా ఊరి కాలవలో తువ్వాలుతో పట్టేవాణ్ణి... ఇప్పుడు లాగండి!"

లాగారు. వల కన్నుల్లో వెండిలా తళతళమంటూ నాలుగైదు పరిగ చేపలు ఎగిరాయి. పిల్లలు పెట్టిన కేక కాలవ అవతలి ఒడ్డుకి వెళ్లి తిరిగొచ్చింది. అందరికంటే గట్టిగా అరిచింది బసవయ్యగారే. వజీరా చేపల్ని దోసిట్లో పెట్టుకుని చూసి, ఒక్కొక్కదానికే దారి చూపిస్తూ నీళ్లలోకి వదిలింది.

"ఇక కత్తెర వేయొచ్చు," అన్నాడు నాగుల్ మీరా, మైకు తీగలు కత్తిరించే కత్తెర తీసి.

సన్యాసమ్మ దాన్ని అతని చేతిలోంచి లాక్కుంది. వల జోలికి పోలేదు. బసవయ్యగారి లాల్చీ గుండీల మొదళ్లు పట్టుకుని వరసగా టకటకమని కోసేసింది. గుండీలు వలకి వేలాడుతూ ఉండిపోయాయి. లాల్చీ రెండుగా తెరుచుకుంది.

ఒక్క క్షణం. మాణిక్యమ్మ మెట్లు దిగి వస్తూనే ఉంది. బసవయ్యగారి ముఖంలో రక్తం లేదు.

కాశీరావు చేతిసంచిలో శాలువా పొద్దుటి నుంచీ అలాగే ఉంది. ఆయన కొట్లో కొన్నదే. అతను దాన్ని ఒక్క విదిలింపుతో విప్పి, ఆయన మెడ దగ్గర నుంచి నడుం దాకా ముందువైపు నిండుగా కప్పేసి, "పిల్లల తరఫున, మన అధ్యక్షులవారికి, చిరు సత్కారం!" అని అరిచాడు.

ఒడ్డంతా చప్పట్లు. "ఇంతటి సహనశీలి ఇంకొకరు లేరు!" అంది మైకు. బసవయ్యగారు శాలువా కొసలు రెండు పిడికిళ్లతో పట్టుకుని నిలబడ్డారు. కొసలు రెండూ ఒక చేతిలోకి మార్చుకుని, కాశీరావు చెయ్యి ఒకసారి నొక్కి వదిలేశారు.

"శాలువా వెనక నుంచి గదా కప్పేది మేష్టారూ?" అంది మాణిక్యమ్మ.

"కాలవ గాలి కదమ్మా. గుండెకి తగలకుండా," అన్నాడు కాశీరావు.

కుర్చీ కాళ్లకున్న తాడు విప్పి, వల ఒడ్డుకి లాగుతుంటే ఒక చోట టక్కున ఏదో జారి బుడుంగున మునిగింది. పిల్లలు వేసిన అన్ని ముళ్లలోకీ జారింది అదొక్కటే.

"నా గుండు!" అంది వజీరా ఏడుపు మొహంతో. "బల్ల మీద కాయితంలో ఉంటే నేనే కట్టా. అన్నిట్లోకీ అదే బరువు."

బసవయ్యగారు నీళ్ల వైపు చూశారు. తాళంకప్ప, తాళంచెవి, రెండూ కలిసే వెళ్లాయి. ఆ చోట నాలుగు బుడగలు వచ్చి ఆగిపోయాయి.

కాశీరావు తనకోసం అబద్ధం ఆడలేని మనిషి. మెట్టు మీద నిలబడి అనేశాడు: "బసవయ్యగారూ, మాట మాటే. మీరు హాలు నిండాలన్నారు. పిల్లలంతా ఇప్పుడు ఇక్కడున్నారు. హాలు ఖాళీగా ఉంది. మీరు కావాలంటే ఇంకో తాళం..."

"హాలు నిండింది," అన్నారు బసవయ్యగారు. "నా కళ్లతో చూశాను."

"ఎప్పుడు చూశారు? గురక పెట్టడానికి ముందా, తరవాతా?" అంది మాణిక్యమ్మ.

"అధ్యక్షుడు కళ్లు మూసుకున్నా చూస్తాడు," అన్నారాయన శాలువా ఇంకాస్త దగ్గరికి లాక్కుంటూ. "బేళ్లు వెనక్కి కొట్టుకే తోలండి. ఒక్క పనికి రెండు తాళాలు కొనే మనిషిని కాను నేను. పాపా, ఇట్రా. ఆ కండువాకి వేశావే, ఆ ముడి ఎట్లా వేశావు?"

సాయంత్రం కాశీరావు, సన్యాసమ్మ కలిసి తడిసిన వలని కృష్ణలంక దాకా మోసుకెళ్లారు. అరుగు మీద ఆరేస్తూ అతను పొద్దుటి నుంచీ మనసులో తిరుగుతున్న ప్రశ్న అడిగాడు. "సన్యాసమ్మా, కొత్త వలకి నీళ్లు తాగకముందు ఇనుం ఎందుకు తగలకూడదంటారు? ఈ ఆచారం మీ ఊళ్లోనేనా, తీరమంతా ఉందా?"

సన్యాసమ్మ వలకి అంటిన చామంతి రెక్కలు ఏరుతూ తలెత్తకుండానే అంది.

"ఆచారమెక్కడిది బాబుగారూ? అల్లుడి వల. కత్తెర పడితే ఆడు నన్ను బతకనిస్తాడా? నోటికేదొస్తే అదన్నా. కాలవ దాకా పోతే తడికి ముళ్లు వదులవుతాయనుకున్నా. ఇంకా బిగుసుకున్నాయి."

"మరి మధ్యలో చెప్పొచ్చుగా?"

"చెబుదామనుకునేలోపే కొబ్బరికాయ కొట్టేశారుగా!"

కాశీరావు నవ్వుతూనే ఇంటికి నడిచాడు. దారిలో గవర్నర్‌పేట సందులో ముగ్గురు పిల్లలు పాత తాడుతో ఏదో అల్లుతున్నారు. ఒకడు బ్లేడు తీశాడు. రెండోది వాడి చెయ్యి పట్టుకుని, "ఆగు, ముందు నీళ్లు తాగాలి," అంది. మూడోవాడు చెంబు తేవడానికి పరిగెత్తాడు. ఆ రోజు నేర్పినవాటిలో బాగా నిలిచింది ఏదో అతనికి అర్థమైంది. వెళ్లి సరిదిద్దాలా అని ఒక క్షణం ఆగి, చెంబు నీళ్లతో వచ్చేదాకా నిలబడి చూసి, ఏమీ చెప్పకుండా వెళ్లిపోయాడు.

తరవాత ఆదివారం అతను వెళ్లేసరికి హాలు తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. బసవయ్యగారు అప్పటికే వచ్చి, లాల్చీ విప్పి కుర్చీకి తగిలించి, నలుగురూ చూసేలా కొత్త బనియనుతో నేల మీద కూర్చుని ఉన్నారు.